పొద్దున్న మొదటి రెండు గంటలు టీచర్లని ఫోన్ పక్కన పెట్టనివ్వండి

సంపాదకులకు నమస్కారం.

ప్రభుత్వ బడుల్లో పిల్లలకు చదవడం రావట్లేదని ఏటా వార్త వస్తుంది, ఆ వెంటనే టీచర్లను తిడుతూ నాలుగు ఉత్తరాలు వస్తాయి. వార్తలో అబద్ధం లేదు. పిల్లల చదువు మీద ప్రథమ్ సంస్థ చేసే అసర్ సర్వే 2024 లెక్కల్లో, దేశంలోని పల్లెటూళ్ల ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి చదివే పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగింది 23.4 శాతం మంది మాత్రమే. అంటే నలుగురిలో ఒకరు కూడా కాదు. ఐదో తరగతికి వచ్చేసరికి కూడా సగం మందికి రావట్లేదు. ఇది చూసి బాధపడని టీచర్ ఉండరండీ. కానీ ఆ ఉత్తరాలు రాసేవాళ్లు ఎవరైనా ఒక్క రోజు, బెల్లు కొట్టిన దగ్గర్నుంచి మధ్యాహ్నం అన్నాల దాకా ఒక పల్లెటూరి ప్రైమరీ స్కూల్లో వెనక బెంచీ మీద కూర్చుని చూస్తే వేరేలా రాస్తారని నా నమ్మకం.

నేను శ్రీకాకుళం జిల్లాలో ఎస్జీటీగా, అంటే ప్రైమరీ స్కూలు టీచర్‌గా పనిచేసి రిటైరయ్యాను. ఇప్పటికీ వీలైనప్పుడల్లా పక్క ఊరి బడికి వెళ్లి ఒకటి, రెండు తరగతుల పిల్లలతో చదివించి వస్తుంటాను. అక్కడ చూస్తున్నది, ఇన్నేళ్లూ చేసింది కలిపి చెప్పాల్సింది ఒకటే ఉంది. చిన్న పిల్లకి చదవడం రావాలంటే ఆ పిల్ల చదువుతున్నప్పుడు పెద్దవాళ్లు ఒకరు పక్కన కూర్చుని వినాలి, రోజూ వినాలి, ఒక్కొక్కరిదీ విడిగా వినాలి. దానికి బదులు ఇంకేదీ లేదు. ఆ వినే టైమ్‌నే మనం టీచర్ చేతుల్లోంచి లాగేసుకుంటున్నాం.

వినడం ఎందుకంటారా. పిల్లలందరూ కలిసి గట్టిగా పాఠం చెబుతుంటే బయట నుంచి వినేవాళ్లకి భలే చదువుతున్నారే అనిపిస్తుంది. దగ్గరికి వెళ్లి చూడండి, వేలు ఒక లైను మీద ఉంటుంది, నోరు ఇంకో లైను చెబుతుంటుంది. వాళ్లు చదవట్లేదు, విని విని బట్టీ పట్టిందాన్ని అప్పజెబుతున్నారు. అదే పాఠంలో మధ్యలో ఒక మాట చూపించి ఇదేంటమ్మా అంటే మొదటి నుంచి మొత్తం గొణుక్కుంటూ ఆ మాట దాకా వచ్చి అప్పుడు చెబుతారు. ఈ సంగతి పరీక్ష పేపర్లో తెలీదు, యాప్‌లో అస్సలు తెలీదు, పక్కన కూర్చుంటేనే తెలుస్తుంది.

పైగా మన తెలుగు అక్షరాల్లో పిల్లలు ఎక్కడ పడిపోతారో దగ్గరగా చూసినవాళ్లకే పట్టుబడుతుంది. ప, వ, ష ఒకేలా కనిపిస్తాయి. 'వు' రాయమంటే 'మ' రాస్తారు, 'మ' చూపిస్తే 'వు' అంటారు. ఒక పిల్లకి దీర్ఘానికీ గుడికీ తేడా తెలీదు, పక్క పిల్లాడికి అన్నీ వచ్చు గానీ ప, వ లకి కొమ్ము ఇవ్వమంటే మాత్రం ఆగిపోతాడు, ఎందుకంటే మిగతా అక్షరాలకి పక్కన పెట్టే కొమ్ము వీటికి కింద నుంచి తిప్పాలి. ఇద్దరికీ ఎర్ర ఇంకుతో ఒకే 'తప్పు' పడుతుంది, కానీ ఇద్దరికీ చెప్పాల్సిన పాఠాలు వేరు. ఇక ఒత్తులైతే చెప్పక్కర్లేదు. చాలా ఒత్తులు అసలు అక్షరం పోలికతోనే ఉంటాయి గానీ త, న, మ, య, ర, ల ఒత్తులకి ఆ అక్షరాలతో ఏ పోలికా ఉండదు, ఆరూ కొత్తగా నేర్చుకోవాల్సిందే. మరి పిల్లలు ఇంట్లో పొద్దున లేచిన దగ్గర్నుంచి పలికేవి ఏంటి? అమ్మ, నాన్న, అన్న, అక్క, అత్త, తమ్ముడు, చెల్లి, అన్నం, పిల్లి. అన్నీ ఒత్తులే! వాళ్లకి బాగా తెలిసిన, వాళ్లు ఇష్టపడే మాటలన్నీ చివర్లో నేర్పి, ముందు వాళ్లెప్పుడూ వినని మాటలు ఒత్తుల్లేవు కదా అని చదివిస్తాం. అందుకే నేను ఎప్పుడూ మొదటి వారంలోనే 'అమ్మ', 'అన్నం' రెండు మాటలూ బొమ్మల్లా గుర్తుపట్టించేదాన్ని. ఆ రెండూ బోర్డు మీద కనబడగానే చదివేశాం అన్న సంతోషం పిల్లల మొహాల్లో చూడాలి, ఆ సంతోషంతోనే గుణింతాలు దాటుకొస్తారు.

లెక్కల్లోనూ ఇంతే. 42లోంచి 17 తీసెయ్యమంటే సగం మంది పిల్లలు 35 అని రాస్తారు. లెక్క రాక కాదు, 2లోంచి 7 పోదు కదా అని 7లోంచి 2 తీసేసి, 4లోంచి 1 తీసేసి రాస్తారు. వాళ్ల ఆలోచన వాళ్లకుంది. ఆన్సర్ తప్పు అని ఇంటూ కొడితే మళ్లీ అదే రాస్తారు. చీపురు పుల్లలు పదేసి కట్టి రబ్బరుబ్యాండు వేసి, నాలుగు కట్టలు రెండు పుల్లలు చేతిలో పెట్టి పదిహేడు నాకిమ్మంటే, కాసేపు నా మొహం చూసి, చేతిలో పుల్లలు చూసి, వాళ్లే ఒక కట్ట విప్పుతారు. ఆ కట్ట విప్పడమే పాఠం. అప్పు తెచ్చుకోవడం అనే మాట ఆ తర్వాత చెబితే చాలు. ఇప్పుడు ఇంగ్లిష్ మీడియం వచ్చాక ఇంకో చిక్కు కూడా చేరింది, ఫోర్టీన్ అన్నా ఫార్టీ అన్నా పిల్లల చెవికి ఒకేలా వినిపిస్తాయి, ఒకదానికి ఇంకోటి రాసేస్తారు. పుస్తకం ఒక పేజీ తెలుగు, ఒక పేజీ ఇంగ్లిష్ అయ్యేసరికి పిల్లలకి బరువు పెరిగింది గానీ, పక్కన కూర్చుని ఒక్కొక్కరికీ ఇది ఇదమ్మా అని చెప్పే మనిషి పెరగలేదు.

ఇప్పుడు టైమ్ లెక్క చూద్దాం, ఇది కోపంతో చెప్పేది కాదు, చట్టంలో ఉన్న అంకెలే. విద్యాహక్కు చట్టం ప్రకారం ఒకటి నుంచి ఐదో తరగతి దాకా ఏడాదికి 200 పనిదినాలు, 800 గంటల బోధన ఉండాలి. అంటే రోజుకి నాలుగు గంటలు, 240 నిమిషాలు. అదే చట్టం 60 మంది పిల్లల వరకు ఇద్దరు టీచర్లు ఉండాలంటోంది. కానీ బడుల వివరాలు సేకరించే కేంద్ర ప్రభుత్వ యూడైస్ 2024-25 లెక్కల్లో దేశంలో లక్షకి పైగా ఏకోపాధ్యాయ పాఠశాలలు ఉన్నాయి, అన్ని రాష్ట్రాల కంటే ఎక్కువ మన ఆంధ్రప్రదేశ్‌లోనే, దాదాపు 12,900. అలాంటి బడిలో ఒకే టీచర్, ఐదు తరగతులు. 240 నిమిషాల్ని ఐదుతో భాగిస్తే తరగతికి 48 నిమిషాలు. అందులో మూడో తరగతి నుంచి తెలుగు, ఇంగ్లిష్, లెక్కలు, పరిసరాల విజ్ఞానం, నాలుగు సబ్జెక్టులు. సబ్జెక్టుకి 12 నిమిషాలు! మూడో తరగతిలో నలుగురే పిల్లలున్నారు అనుకున్నా తెలుగు చదివించి వినడానికి మనిషికి మూడు నిమిషాలు దొరుకుతుంది, అదీ టీచర్ మంచినీళ్లు కూడా తాగకుండా ఉంటే.

ఈ మూడు నిమిషాల్లోకి ఫోన్ వస్తుంది. టీచర్ హాజరు ఫోన్‌లో, పిల్లల హాజరు ఫోన్‌లో, మధ్యాహ్న భోజనానికి ఎంతమంది, గుడ్లు ఎన్ని, చిక్కీలు ఎన్ని, కిట్లలో బూట్ల సైజులు సరిపోయాయా, ఫలానా దినోత్సవం జరిపారా, జరిపితే ఫొటో ఏది, అన్నీ ఫోన్‌లో. సిగ్నల్ ఉండదు. మా వైపు కొన్ని బడుల్లో టీచర్లు సిగ్నల్ కోసం బడి వెనకున్న గట్టెక్కి నిలబడతారు, లోపల ఒకటో తరగతి పిల్లలు పలకల మీద రాసిందే రాసి, చెరిపిందే చెరిపి, చివరికి కొట్టుకుంటుంటారు. పదకొండు కొట్టేలోపు అప్‌లోడ్ కాకపోతే పైనుంచి ఫోన్ వస్తుంది, గ్రూపులో పేరు పడుతుంది. 'చదవడం రాని పిల్లలు ఎంతమంది, వాళ్లకి ఏం చేస్తున్నారు' అని మాత్రం పొద్దున్నే ఫోన్ చేసి అడిగిన ఆఫీసర్ని నేను చూడలేదు. టీచర్‌కి టెన్షన్ దేని గురించి ఉంటే ధ్యాస దాని మీదే ఉంటుంది కదా.

న్యాయంగా చెప్పాలంటే కొంత మారింది. మరుగుదొడ్ల ఫొటోలు టీచర్లే తీసి పెట్టాలన్న రోజులు పోయాయి, ఎన్నో యాప్‌లుండేవాటిని ఒకదాంట్లోకి తెచ్చారు. 2022లో 117 నంబరు జీవోతో మూడు, నాలుగు, ఐదు తరగతుల్ని చాలాచోట్ల హైస్కూళ్లకి తరలించి, ఎనిమిదేళ్ల పిల్లల్ని రోడ్లు దాటించి నడిపించారు. దాన్ని 2025లో వెనక్కి తీసుకుని, పిల్లలు ఎక్కువున్న చోట తరగతికో టీచర్ ఉండేలా మోడల్ ప్రైమరీ స్కూళ్లు పెట్టారు. తరగతికి ఒక టీచర్ అన్నది మేము ఉద్యోగంలో చేరిన నాటి నుంచి అడుగుతున్నదే, అందుకు మనస్ఫూర్తిగా సంతోషం. కానీ పిల్లలు తక్కువున్న ఊళ్ల సంగతి అలాగే ఉంది, ఆ పిల్లలూ మన పిల్లలే. యాప్‌లు ఒకటైనా అందులో నింపాల్సిన గడులు నింపాల్సిందే.

నేను అడిగేది పెద్ద ఖర్చుతో పని కాదు. ప్రైమరీ స్కూల్లో పొద్దున్న మొదటి రెండు గంటలు ఏ వివరమూ, ఏ ఫొటో, ఏ మీటింగూ అడక్కూడదని ఒక ఉత్తర్వు ఇవ్వండి. హాజరు పుస్తకంలో వేసుకుంటారు, ఇంటర్వెల్‌లో ఎక్కిస్తారు, ఆకాశం ఊడిపడదు. గుడ్ల లెక్క, కిట్ల లెక్క, భోజనం ఫొటో చూసుకోవడానికి గ్రామ సచివాలయంలో వెల్ఫేర్ అండ్ ఎడ్యుకేషన్ అసిస్టెంట్ అనే ఉద్యోగి ఉన్నారు. పేరులోనే ఎడ్యుకేషన్ ఉంది. ఆ లెక్కలు వాళ్లు రాసుకుంటే టీచర్ మీద ఎంత బరువు తగ్గుతుందో! విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ జనాభా లెక్కలు, విపత్తులు, ఎన్నికలు తప్ప వేరే పనులకి టీచర్లని వాడకూడదని రాసింది. బడి లోపలి పనే కదా అని ఫోన్ పనులన్నీ దానికిందకి రావంటారేమో, పిల్లల దగ్గర కూర్చోనివ్వని పని ఏదైనా చదువుకి అడ్డమే.

ఆ రెండు గంటలు చేతికొస్తే ఏం చేయొచ్చో నాకు తెలుసు, చేసిన టీచర్లు ప్రతి మండలంలో ఉన్నారు. ఐదు తరగతుల్ని ఐదు వరసల్లో కూర్చోబెట్టడం మానేసి ఎవరికి ఏం వచ్చో చూసి గుంపులు చేస్తారు. అక్షరాలు రానివాళ్లు ఒక దగ్గర, మాటలు చదివేవాళ్లు ఒక దగ్గర, వాక్యాలు చదివేవాళ్లు ఇంకో దగ్గర. అందులో నాలుగో తరగతి పిల్లాడు రెండో తరగతి పిల్ల పక్కన కూర్చోవచ్చు, నామోషీ అనిపించకుండా చూసుకోవాలి, అది టీచర్ నేర్పు. ఒక గుంపు ఇసుకలో వేలితో రాస్తుంటుంది, ఒక గుంపు చింతగింజలు పదేసి కుప్పలు పెడుతుంటుంది, ఒక గుంపు అంగడి ఆట ఆడుతుంటుంది, ఆకులే నోట్లు, రాళ్లే చిల్లర, పది రూపాయలిచ్చి ఏడు రూపాయల బిస్కెట్ కొంటే ఎంత తిరిగివ్వాలి అని దెబ్బలాడుకుంటుంటారు. టీచర్ నాలుగో గుంపు దగ్గర కూర్చుని ఒక్కొక్కరి చదువూ వింటారు. ఐదో తరగతి పిల్లలు బోర్డు మీద ఈరోజు మొత్తం ఎంతమంది, వచ్చింది ఎంతమంది, రానిది ఎంతమంది, గుడ్లు ఎన్ని కావాలి, ఎన్ని మిగులుతాయి అని లెక్క కట్టి రాస్తారు. ఎలాగూ ఆ లెక్క ఎవరో ఒకరు కట్టాలి, పిల్లలే కడితే వాళ్లకి తీసివేత వస్తుంది, వంటమ్మ దగ్గరికి పరిగెత్తుకెళ్లి చెప్పి రావడం అంటే ఎక్కడలేని హుషారు. వారానికోసారి బయటికి తీసుకెళ్లి ఆకులు ఏరించి, అంచు నున్నగా ఉన్నవి, రంపంలా ఉన్నవి వేరు చేయించి, ఏ చెట్టువో చెప్పించి చూడండి, పుస్తకంలో ఉన్న పాఠం కన్నా నాలుగు రెట్లు చెబుతారు. జానలతో, మూరలతో గది కొలిపిస్తే ఒక్కొక్కరికీ ఒక్కో లెక్క వస్తుంది. నీది తప్పంటే నీది తప్పని అరుచుకుంటారు. అప్పుడు స్కేలు తీస్తే దాని అవసరం ఏంటో ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇలాంటి గదిలో గోల ఉంటుంది. తనిఖీకి వచ్చినవాళ్లు దయచేసి దాన్ని క్రమశిక్షణ లేకపోవడం అని రాయకండి. మీరు వచ్చి రిజిస్టర్లు అడగడం తర్వాత, ముందు ఏ ముగ్గురు పిల్లల్నైనా పిలిచి, వాళ్లెప్పుడూ చూడని ఒక చిన్న కాగితం ఇచ్చి చదివించి వినండి. పది నిమిషాల్లో ఆ బడి సంగతి మీకు తెలిసిపోతుంది.

తల్లిదండ్రులకి కూడా ఒక మాట. ప్రైవేటు స్కూల్లో ఎల్‌కేజీ పిల్లాడి నోట్సు నిండా రాసుంది, మా పిల్ల నోట్సు ఖాళీగా ఉంది అని బడికొచ్చి గొడవ పెట్టుకునేవాళ్లని చాలామందిని చూశాను. బోర్డు మీదిది చూసి పేజీలకి పేజీలు దింపిన పిల్లకి ఆ రాసింది చదవడం వచ్చో రాదో ఒకసారి అడిగి చూడండి. సాయంత్రం హోంవర్కు చేశావా అని అడగడం కంటే, మీరు కూరగాయలు తరుగుతూనో, దుస్తులు మడతపెడుతూనో, ఏదీ ఒక పేజీ చదివి వినిపించమ్మా అంటే చాలు. మీకు చదువు రాకపోయినా ఫరవాలేదు, పిల్ల ఎక్కడ ఆగిందో మీ చెవికి తెలుస్తుంది.

ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. మా వైపు పిల్లలు 'సార్ ఎల్లిపోనారు', 'ఏటి మేడమ్' అంటూ ఇంటి మాటతో బడికొస్తారు. అది తప్పు, ఇలా అనకూడదు అని మొదటి రోజే నలుగురిలో దిద్దితే ఆ పిల్ల మళ్లీ నెలరోజులు నోరు విప్పదు. మాట్లాడని పిల్లకి చదవడం నేర్పడం ఎంత కష్టమో చిన్న తరగతులు చెప్పినవాళ్లకి తెలుసు. ముందు చెప్పనివ్వాలి, ఆ పిల్ల చెప్పిందే బోర్డు మీద రాసి చదివించాలి, పుస్తకం మాట తర్వాత దానంతటదే అలవాటవుతుంది. కొండమీద సవర గిరిజన పిల్లలకైతే పుస్తకంలో తెలుగే పరాయి భాష. మా జిల్లాలో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు గారు వందేళ్ల కిందటే సవర భాష నేర్చుకుని, వాళ్ల భాషలో పుస్తకాలు రాసి, వాళ్ల పిల్లలకి బడులు పెట్టారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29న ప్రతి బడిలో తెలుగు భాషా దినోత్సవం చేస్తాం. చేసి, ఫొటో తీసి, అప్‌లోడ్ చేస్తాం. ఆ కొండ ఊళ్ల బడుల్లో మొదటి రెండేళ్లయినా పిల్లల భాష తెలిసిన మనిషి ఒకరుండాలని ఆయన పేరు చెప్పుకునే ప్రతి ఒక్కరూ గట్టిగా అడగాలి.

చివరగా మీ పత్రికని కూడా ఒకటి అడుగుతున్నాను. పాత పేపర్లు మాకు బడిలో ఎంత అక్కరకొస్తాయో మీకు తెలిసి ఉండకపోవచ్చు. హెడ్డింగుల్లో 'ల' ఎక్కడెక్కడ ఉందో సున్నా చుట్టమంటే పిల్లలు పోటీపడి చుడతారు, క్రికెటర్ల పేర్లు, సినిమా వాళ్ల పేర్లు కత్తిరించి అతికించి చదువుతారు. అయితే లోపల వార్త వాళ్లు చదవలేరు, అక్షరం చిన్నది, వాక్యం పెద్దది. మీరు వారానికి ఒక అర పేజీ, ఒకటి, రెండు తరగతుల పిల్లలు సొంతంగా చదువుకునేలా వేయండి. హెడ్డింగంత అక్షరాలు, వాక్యానికి నాలుగు మాటలు, అమ్మ, అన్నం లాంటి తెలిసిన మాటలు మొదటి నుంచీ, మిగతా ఒత్తులు పోనుపోను, ఒక బొమ్మ, రెండు నిమిషాల్లో అయిపోయే ఒక కథ. సోమవారం వేస్తే మంచిది, ఆదివారం పేపరైతే బడికి చేరేలోపు ఇంట్లో పొట్లాలైపోతుంది. రాయడానికి మనుషులు కావాలంటే నాతో పాటు రిటైరైన టీచర్లం చాలామందిమి ఉన్నాం, డబ్బులక్కర్లేదు, రాసి పంపిస్తాం.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ప్రాథమిక పాఠశాల టీచర్,
శ్రీకాకుళం జిల్లా